ఇనుప బాణలిలో నా పెళ్లిచీర

యుద్ధం రోజుల్లో బజారులో రంగుపొడి దొరక్క, మైదుకూరులో మా అమ్మ నా పెళ్లిచీర నూలును బంతిపూలతో ఉడికించింది. రాగి గుండిగకు చిల్లు పడిందని ఇనుప బాణలి పెట్టింది. పసుపుపచ్చగా మెరవాల్సిన నూలు చూస్తుండగానే నలుపు తిరిగింది. పెళ్లిచీరకు నలుపా!

అంతలోనే కాబోయే అత్త వచ్చింది. అమ్మ బాణలికి అడ్డంగా నిలబడింది.

"ఏం దాస్తాండావు వదినా?" అంటూ ఆమె నూలు పైకెత్తి ఎండలో చూసింది. తర్వాత అమ్మవైపు తిరిగి అంది:

"నలుపు కాదులే. పూలరంగుకు ఇనుము తగిలితే ఇట్లే ముదురాకు రంగు అయితాది. శానా గట్టి రంగు. మగ్గమెక్కించు."

నూలు నలుపని అత్త సంబంధం వదులుకున్నా ఆమెనెవరూ తప్పుపట్టేవారు కాదు. ఇప్పుడు నా తలంతా నెరిసింది. ఆ చీర మాత్రం వెలిసిపోలేదు.