కరెంటు మానమన్న నూనె సీసా

మీరు కూర్చోండి సహోదరులారా, సహోదరీలారా, నేను మాత్రం నిలబడే చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నిలబడడానికి నా కాళ్లలో బలముంది, ఆ బలమిచ్చిన దేవునికే మహిమ! పోయిన ఏడాది ఇదే మందిరంలో నన్ను ఇద్దరు పట్టుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నా పేరు కరుణమ్మ. మాది బాన్సువాడ పక్కన పల్లె, నాట్లు వేసి, కలుపు తీసి బతికినదాన్ని, నా భర్త దావీదు వర్ని రోడ్డు మీద ఆటో నడుపుతాడు. సాక్ష్యమంటే మెత్తగా, కన్నీళ్లు తుడుచుకుంటూ చెప్పాలని కొందరంటారు. నాకు చేతకాదు. నేను కోపంగానే చెబుతాను, ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు!

నాకు రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు, తరువాత రేడియేషన్ పెట్టాలన్నారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టుడు అంటాం. వారమంతా అక్కడ ఒక గదిలో ఉండి కరెంటు పెట్టించుకోవడం, శుక్రవారం బస్సెక్కి ఇంటికి రావడం, సోమవారం తెల్లవారుతూనే మళ్లీ బస్సు. మొదట్లో ఏమీ తెలియలేదు. పోనుపోను ఛాతీ మీద, చంక కింద చర్మం నల్లబడిపోయింది, దురద, మంట, రవిక తగిలితే ప్రాణం పోయినంత పని, ఇక చీరలు మానేసి నా భర్త పాత చొక్కా వేసుకుని తిరిగాను. చొక్కా వేసుకున్నానని నవ్వినవాళ్లు కూడా ఉన్నారు సహోదరులారా! ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అన్నారా?

ఇక చూడండి, నా చర్మం నల్లబడిందని తెలియగానే ఊరంతా డాక్టర్లయిపోయారు! ఒకరు ఆముదం తెచ్చారు, ఒకరు వేపనూనె, ఒకామె పసుపు కలిపిన ఆవనూనె తెచ్చి అక్కడే చొక్కా విప్పమంది. మొక్కల నూనెలే కదా, మంచివే కదా, చేస్తే మేలే చేస్తాయి గానీ కీడు చేయవు కదా అని అందరిదీ ఒకటే మాట. దవాఖానలో అడిగావా అని ఒక్కరైనా అనాలి కదా? అనలేదు. ప్రేమతో తెచ్చారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. నా కోపం వేరే మనిషి మీద.

దూరపు సంఘాల నుంచి వచ్చినవాళ్లకు మా మందిరం పద్ధతి తెలియదేమో, చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంట్లో రోగులున్నవాళ్లు నూనె సీసాలు తెచ్చి ముందున్న బల్ల మీద వరుసగా పెడతారు. పాస్టరుగారు వాటి మీద చేతులు చాచి రోగుల కోసం ప్రార్థన చేస్తారు, అందరం ఆమేన్ అంటాం, ఎవరి సీసా వాళ్లు ఇంటికి పట్టుకుపోయి నొసటి మీద కొంచెం రాసుకుంటారు. తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి, మంచి పద్ధతి. నా చర్మం నల్లబడిన ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఎక్కడి నుంచో తెల్లచీర కట్టుకున్న ఒకామె వచ్చింది, భుజాన పెద్ద సంచి. అందరూ సీసాలు పెడుతుంటే ఆమె కూడా సంచిలోంచి తన సీసాలు తీసి మా సీసాల మధ్య చకచకా సర్దేసింది! పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు, ఆయనకేం తెలుసు? ఆమేన్ అన్నామో లేదో ఆమె సీసా ఎత్తి పట్టుకుని, "ఇది బైబిలు వాక్యంలో ఉన్న చెట్ల తైలం, బోళం, అగరు కలిపింది, మీ పాస్టరుగారే ప్రార్థించారు, క్యాన్సర్ అయినా సరే లోపలి నుంచి లాగేస్తది" అని మొదలుపెట్టింది. మా ఆమేన్ మేము రోగుల కోసం అంటే, ఆమె దాన్ని తీసుకుపోయి తన సరుకుకు అతికించుకుంది! ఇది దొంగతనం కాదా? నన్నడిగితే జేబు కొట్టడం కంటే పెద్ద దొంగతనం!

మా ఆడబిడ్డ రాహేలమ్మ, నా భర్త అక్క, మా ఇంట్లోనే ఉంటుంది, నన్ను చంటిపిల్లలా చూసుకుంది. ఆమె ఆ సీసా కొన్నది. "కరుణా, అయ్యగారు ప్రార్థన చేసిన తైలం బిడ్డా, గాబరా పడకు, నీ మంటంతా పోతది" అని ఆ సాయంత్రం రాసింది, సోమవారం బస్సెక్కే ముందు కూడా రాసింది. కర్పూరం, లవంగం కలిసినట్టు ముక్కు అదిరిపోయే వాసన. రాసిన చోట సుర్రుమంది. దేవుని తైలం కదా, మంటయినా ఓర్చుకోవాలి అనుకుని పళ్లు బిగబట్టాను. ఆ ఒంటితోనే పోయి మిషను కింద పడుకున్నాను.

ఆ వారం గడవకముందే బొబ్బలు లేచాయి, చంక కింద తోలు ఊడొచ్చింది. డాక్టరమ్మ చూసి వెంటనే కరెంటు ఆపేసింది, పుండు మానేదాకా పెట్టలేమంది. ఏం రాశావని అడిగితే చెప్పాను, మొక్కల నూనేనమ్మా అన్నాను. ఆమె అరవలేదు. "జిల్లేడు పాలు కూడా మొక్కవే కదమ్మా, కంట్లో పోసుకుంటామా?" అంది. "కరెంటు పెట్టిన చోట చర్మం చంటిపిల్ల చర్మం లాంటిది, ఈ ఘాటు నూనెలకు తట్టుకోదు. ఏ నూనె అయినా, ఎవరిచ్చినా, మమ్మల్ని అడగకుండా రాయొద్దు" అని చెప్పి, మందు రాసి కట్టు కట్టించి పంపింది.

ఇంటికొచ్చి పడ్డాను. అప్పుడు మోగింది మా ఆడబిడ్డ ఫోను, సీసా అమ్మేటప్పుడే నంబరు రాసుకుపోయిందట. ఆ తైలం ఆమే! మా ఆడబిడ్డ భయపడి బొబ్బల సంగతి చెబితే ఆమె ఏమన్నదో తెలుసా? రోగం బయటికి వస్తోందట! బొబ్బలు స్వస్థతకు గుర్తట! ఇక కరెంటు పూర్తిగా మానేయాలట, మళ్లీ మిషను కిందికి పోతే దేవుణ్ణి నమ్మనట్టేనట! మా రాహేలమ్మ పాపం నమ్మేసింది. "దవాఖానోళ్లు ఆపింది కూడా దేవుడే చేసిండేమో, ఇగ పోవద్దు కరుణా" అని నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. నా భర్త ఎటూ చెప్పలేక గడపలో నిలబడ్డాడు. కరెంటు మానేస్తే మిగిలిన రోగం తిరిగి లేస్తుందని డాక్టరమ్మ ఆపరేషన్ నాడే చెప్పింది. పోతే విశ్వాసం లేనిదాన్ని, మానితే చచ్చేదాన్ని! ఒక ఆడదాన్ని ఇంత ఇరకాటంలో పెట్టే హక్కు ఆమెకు ఎవరిచ్చారండీ?

నేను లేవలేక, మంచం మీద పడుకునే ప్రార్థించాను. మెల్లగా కాదు, అరిచాను. "ప్రభువా, గీ చర్మం నువ్విచ్చిందే. నీ పేరు చెప్పి ఒకామె దీన్ని కాల్చిపోయింది, నువ్వు చూస్తనే ఉన్నవా? నాకు విశ్వాసం లేదంటుంది, నా విశ్వాసం నీకు తెల్వదా తండ్రీ? చావుకు నేను భయపడ్తలేను, ఒక అబద్ధాన్ని నమ్మి చావాలంటే భయమైతుంది. నాకు దారి చూపియ్యి, ఇప్పుడే చూపియ్యి!"

ఆకాశం నుంచి స్వరం రాలేదు సహోదరులారా, నేను లేనిది చెప్పను. కానీ ప్రార్థన ముగిసేసరికి నాలో భయం పోయింది. నా మంచం చుట్టూ నేనడగకుండానే దేవుడు ఎంతమందిని నిలబెట్టాడో కనబడింది. కోసిన చేతులు ఆయన పంపినవి కావా? కట్టు కట్టిన చేతులు ఆయనవి కావా? సీసాలో ఉన్నప్పుడే దేవుడు, మిషను గదిలోకి పోతే దేవుడు లేడా? నా భర్తను పిలిచి, "పుండు మాననీ, నేను కరెంటు పెట్టించుకునుడే, నువ్వు గడపలో నిలబడుడు బంద్ చెయ్యి" అన్నాను. ఆయన ముఖం అప్పుడు చూడాలి, మోయలేని మూట ఎవరో దింపినట్టయింది.

మా ఆడబిడ్డకు మాత్రం మనసొప్పలేదు. అందుకని కబురు పెడితే పాస్టరుగారు ఇంటికొచ్చారు. జరిగింది విని ఆయన రాహేలమ్మతో, "అక్కా, నేను ప్రార్థించింది కరుణమ్మ కోసం, ఆ సీసాల కోసం కాదు. మందు మానమని నేనెన్నడన్న చెప్పిన్నా?" అన్నారు. అంతే, మా రాహేలమ్మ లేచి ఆ సీసాను తీసుకుపోయి పెంటకుప్పలో పారేసి వచ్చింది, వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ వచ్చే ఆదివారం నుంచి మా బల్ల మీద ఇంటి సీసాలే ఉంటున్నాయి, అమ్మకానికి తెచ్చినవాళ్లకు మందిరం గుమ్మం దగ్గరే దండం పెట్టి పంపుతున్నారు.

పుండు మానింది, హల్లెలూయా! కరెంటు మళ్లీ మొదలైంది, ఈసారి మా రాహేలమ్మ కూడా నా వెంట బస్సెక్కింది, గది బయట కూర్చుని ప్రార్థిస్తూ ఉండేది. మొత్తం పూర్తయింది. ఇప్పుడు పరీక్షల్లో రోగం జాడ లేదన్నారు, దేవునికే మహిమ, నా నోట ఆయన స్తుతి ఎన్నటికీ ఆగకూడదు! చర్మం బాగా మానాక డాక్టరమ్మను అడిగాను, వాసన కలపని కొబ్బరి నూనె పలచగా రాసుకోవచ్చు అంది, రాసుకుంటున్నాను. చెట్టు మీద, నూనె మీద నాకు పగ లేదు, అవి కూడా నా దేవుడు చేసినవే. భయంలో ఉన్న మనిషి దగ్గరికొచ్చి దేవుని పేరుతో వైద్యం మానిపించే నోటి మీదే నాకు పగ, ఆ పగ తప్పని నాకు ఎవరూ చెప్పకండి!

ఎందుకింత కోపంగా చెబుతున్నానంటే, ఆ తెల్లచీర ఆమె ఇప్పుడు పెద్ద కొడప్‌గల్ వైపు ఊళ్లలో తిరుగుతోందని మొన్న విన్నాను. అటు నుంచి వచ్చినవాళ్లు మీలో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా మిషను కిందికి పోవాలో వద్దో తెలియక ఈ రోజు ఏడుస్తూ కూర్చున్నారేమో, నా అక్కా, నా చెల్లీ, నన్ను చూడు! విశ్వాసం లేక కాదు నేను దవాఖానకు పోయింది, విశ్వాసం ఉండబట్టే పోయాను, పోయి బతికొచ్చాను. నువ్వూ ప్రభువును నమ్ము, నమ్మి బస్సెక్కు. ఒక్కదానివే పోవడానికి భయమైతే ప్రార్థన అయ్యాక నా దగ్గరికి రా, ఆటో బయటే ఉంది, మీ ఇంటికే వస్తాను, రేపు పొద్దున బస్సులో నీ పక్కన నేను కూర్చుంటాను. ఆమేన్.