ఓబులేసుకు పాఠం రాలేదని చెప్పాను

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోశాను. చిన్న అబద్ధమే. మూడంటే మూడు మాటలు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీరు చూడలేదు, కాబట్టి మీకు చెప్పుకోవడం సులువనుకున్నాను. సులువేమీ కాదు. ఇప్పటికే రెండుసార్లు పెన్ను మూసి లేచిపోయాను.

జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో నేను బైబిలు టీచరుని. మొగుడు చనిపోయాడు, పిల్లలు లేరు. మా చర్చి గుడి వెనక గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. నోరుగల ఆడదని పేరు. తాగి గుడికొచ్చిన మగవాళ్లను, ఎంత పెద్దవాళ్లయినా సరే, గడప దగ్గరే కడిగేసేదాన్ని. అంత నోరూ అవసరమైన రోజున ఏమైపోయింది?

మా పాస్టరు అయ్యగారు రెండు నెలలకొకసారి వచ్చేవారు. బాప్తిస్మం కావాలన్నవాళ్లను సిద్ధం చేయడం నా పని. దేవుడు ఒక్కడేనని, ఆయన కుమారుడు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి మూడోనాడు లేచాడని, ఎంతటి పాపానికైనా క్షమాపణ ఉందని, చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారని నేర్పాలి. పాఠం వచ్చిందని నేనంటేనే అయ్యగారు నీళ్లు ముట్టుకునేవారు. రాలేదంటే మళ్లీ రెండు నెలలు ఆగాల్సిందే. నా మాటకు అంత విలువ. ఆ విలువ చూసుకుని నాకు గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు?

ఓబులేసు గొర్రెలు మేపేవాడు. చదువు లేదు. ఊరి పెద్దాయన మనిషి. పెద్దాయన పేరెందుకు లెండి, ఆ రోజుల్లో మా వైపు ఊరికొక పెద్దాయన ఉండేవాడు. పార్టీ మారినా జీపు మారేది కాదు. ఆ జీపు వెనక సీట్లో ఒళ్లో బాంబుల సంచి పెట్టుకుని కూర్చునేవాళ్లలో ఓబులేసు ఒకడు. ఒకరోజు అవతలి పార్టీవాళ్ల ఇంటిమీద పడినప్పుడు ఏదో చూశాడు. ఏం చూశాడో ఎన్నడూ చెప్పలేదు. కొన్నాళ్లకు గుడి గడప బయట నిలబడి, నాలాంటోనికి గూడా ఆ క్షమాపణ ఉంటదా అక్కా అని అడిగాడు. ఉంటుందన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

గొర్రెలను దొడ్లో తోలి వచ్చి నా ముందు నేలమీద కూర్చునేవాడు. ఇవాళ చెప్పింది రేపు అప్పజెప్పేవాడు. ఊరికే అప్పజెప్పేవాడు కాదు, నా ప్రాణం తీసేవాడు. చచ్చినవాళ్లందరూ లేస్తారంటే తాము చంపినవాళ్లు కూడా లేస్తారా, లేచి తన మొహం చూస్తారా అని అడిగాడు. నాకు వచ్చింది నోటికే. అతను నమ్మాడు. ఇక బాంబు పట్టనని పెద్దాయన మొహంమీదే చెప్పి వచ్చాడు.

అయ్యగారు రావడానికి రెండు రోజుల ముందు పెద్దాయన బావమరిది మా గదికి వచ్చాడు. అరవలేదు, బెదిరించలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి, బాప్తిస్మం పొందితే ఓబులేసు ఇక జీపెక్కడు, అవి అయిందాకా ఆపు, తర్వాత మీ ఇష్టం అన్నాడు. వెళ్తూ వెళ్తూ గది నాలుగు మూలలా చూసి, ఒక్కదానివే ఉంటావు గదమ్మా అన్నాడు.

నాకు భయం వేసింది. అయినా నాకు నేను భయమని చెప్పుకోలేదు. రెండు నెలలే కదా అనుకున్నాను. తొందరపడి ఇచ్చిన బాప్తిస్మం నిలబడదేమో అని కూడా అనుకున్నాను. పిరికితనానికి ఎన్ని మంచి మాటలు దొరుకుతాయో అప్పుడు తెలిసింది.

ఆదివారం ఓబులేసు కొత్త పంచె కట్టుకొచ్చాడు. పక్కన భార్య నాగమ్మ, ఆమె చంకలో కూతురు. అయ్యగారు నా గదిలో కూర్చుని, ఓబులేసు సిద్ధమేనా అని అడిగారు. పాఠం ఇంకా రాలేదయ్యా అన్నాను. ఆయనకు ఇంకా రెండు ఊళ్లు తిరగాల్సి ఉంది. బయటికెళ్లి ఓబులేసు భుజం తట్టి, వచ్చేసారి చూద్దామన్నారు. ఆరాధన అయ్యాక అతను నా దగ్గరికి వచ్చాడు.

“యాడ తప్పినానక్కా?”

కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“పాపక్షమాపణ కాడ తడబడతాండావు,” అన్నాను.

“అదే బాగా వచ్చిందనుకుంటినే.” కాసేపు తల గోక్కున్నాడు. “సరేలే అక్కా. మళ్లా నేర్చుకుంటా.”

అన్నిటినీ వదిలి ఆ మాటే ఎందుకు నా నోట వచ్చింది? ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి గొర్రెల వెంట తిరుగుతూ ఆ ఒక్క మాటే పైకి వల్లించుకునేవాడట. జనం నవ్వేవారు. నేను కూడా విన్నాను, విని ఇంకో సందులోకి మళ్లాను.

ఎలక్షన్ రోజు పెద్దాయన కబురు పెడితే ఓబులేసు జీపెక్కాడు. బాప్తిస్మం అయ్యి ఉంటే ఎక్కేవాడా? ఏమో. ఎర్రగుంట్ల దారిలో అవతలివాళ్లు జీపుమీద బాంబులు వేశారు. ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి శవం తెచ్చారు. మన సమాధుల తోటలోనే పెట్టాలి, ఆయన కోరిక అదేనని నాగమ్మ అయ్యగారి కాళ్లమీద పడింది. బాప్తిస్మం లేనివాళ్లను అక్కడ పెట్టకూడదని మా కట్టుబాటు. అయినా అయ్యగారి మనసు కరిగింది. అందరి ముందూ నా వైపు తిరిగి, అతను అన్నీ తెలిసి నమ్మాడని నువ్వు చెప్పగలవా అమ్మా, చెబితే మనవాడిలాగే పూడ్చుదామన్నారు.

చూశారా, దేవుడు నాకు రెండోసారి కూడా అవకాశమిచ్చాడు. నిజం చెబితే నా అబద్ధం బయటపడుతుంది. గుంపులో బావమరిది కూడా ఉన్నాడు. తల వంచుకున్నాను. ఓబులేసును ఊరవతల వంక గట్టున పూడ్చారు.

నాగమ్మ కూతుర్ని తీసుకుని పులివెందులకు కూలికి వెళ్లిపోయింది. నేను మాత్రం టీచరుగానే ఉన్నాను. ఎంతమందికి అదే పాఠం చెప్పానో! ఆదివారం అందరితో పాటు నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు, పాపక్షమాపణ అనే ఆ ఒక్క మాట దగ్గర పెదవులు కదిలిస్తాను, గొంతు కలపను. పక్కనున్నవాళ్లకు తెలియదు. గుడి నిండా జనం ఉన్నా ఆ క్షణంలో నాకంటే ఒంటరిది ఎవరూ లేరు.

పోయిన నెల పులివెందుల వెళ్లి నాగమ్మ ఇల్లు వెతుక్కున్నాను. చెప్పాలనే వెళ్లాను. టీ ఇచ్చింది. మనవరాలు పదో తరగతి తప్పిందట, లోపల ఏడుస్తోంది. తాత బుర్రే దీనికీ వచ్చింది అక్కా, నువ్వెంత నేర్పినా ఆయప్పకు రాలేదు గదా అని నవ్వింది.

అప్పుడు చెప్పాను. మూడు మాటలూ, బావమరిదీ, వంచుకున్న తలా, అన్నీ చెప్పాను.

నాగమ్మ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది.

“అయితే ఆయప్పకు వచ్చిందా?”

“అంతా వచ్చింది నాగమ్మా.”

మనవరాలిని బయటికి పిలిచింది. మీ తాతకు అంతా వచ్చిందంట, ఒక్క మాట గూడా తప్పలేదంట అని చెప్పింది. చెబుతూ చెబుతూనే భోరుమంది. నేను చెయ్యి పట్టుకోబోతే నా చేతిని తీసి పక్కన పెట్టింది. క్షమించమని అడగలేదు నేను. లేచి బస్టాండు దాకా నడిచాను.

మా సంఘానికి ఇంకా తెలియదు. ఇది వాళ్లలో ఎవరు చదివినా నేనెవరో పోల్చుకుంటారు. పోల్చుకోనీ.