చివరి వారం లేని సీరియల్

మా చిన్నప్పుడు... చిలకలగూడ అద్దె ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని సుగుణా నేనూ ఒకే సీరియల్ మీద పడి కొట్టుకునేవాళ్ళం. సుగుణ మా ఇంట్లో అంట్లు తోమే యాదమ్మ కూతురు. ఇద్దరిదీ ఎనిమిదో తరగతే, ఒకటే బడి.

అమ్మ వారపత్రికలోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, ట్రంకుపెట్టెలో దాచేది. పనివాళ్ళ పిల్లలు ముట్టుకోకూడదని ఆర్డరు. నేను దొంగచాటుగా తీసి సుగుణకి ఇచ్చేదాన్ని... అదేదో పెద్ద త్యాగమైనట్టు!

కథలో లత పెద్దింటి పిల్ల. ప్రాణ స్నేహితురాలేమో వాళ్ళ డ్రైవర్ కూతురు. లత తన గొలుసు తనే ఎక్కడో పోగొట్టుకుంటే, ఇంట్లోవాళ్ళు ఆ పిల్ల మీద దొంగతనం మోపుతారు. లత నిజం చెబుతుందా, లేదా? సరిగ్గా ఆ చివరి వారం పత్రికని, ఎవరమూ చదవకముందే, మా పిన్ని రైల్లో కాలక్షేపానికని పట్టుకుపోయింది...

"చెప్పేస్తుంది చూడు. ఫ్రెండు కదా!" అనేదాన్ని నేను.

"ఏం చెప్తది? ఇంట్ల తిడితే ఎవలు పడతరు? ఊకుంటది," అనేది సుగుణ.

నాకు ఒళ్ళు మండేది. ఒకసారి రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

ఒక ఆదివారం ఆ కుట్టిన పుస్తకం సుగుణ చేతిలో ఉండగా అమ్మ కంటపడింది. "అడక్కుండా పెట్టె తీశావా? ఇంకా ఏమేం పట్టుకెళ్ళావే?" అని అరిచింది.

సుగుణ నా వైపు చూసింది. "నేనే ఇచ్చానమ్మా" అంటే చాలు... నాకు నోరు పెగల్లేదు. వీపు విమానం మోత మోగుతుందని భయపడ్డాను, అంతే.

సుగుణ పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. "ఆఖరి వారంల ఏమైందో ఇప్పుడు ఎరుకైంది," అంది. ఏడవలేదు.

యాదమ్మని ఆ రోజే మాన్పించారు. నెల తిరక్కుండా తల్లీకూతుళ్ళు బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే పనికి కుదిరారని విన్నాను. సుగుణ చదువు అక్కడితో సరి. పిరికిదాన్ని, వెళ్ళి చూడలేదు. ధైర్యం వచ్చి వెళ్ళేసరికి ఏళ్ళు గడిచాయి... అక్కడ ఆ పేరే ఎవరికీ తెలియదు.

మొన్న పాత పుస్తకాల బండి మీద అదే సీరియల్ నవలగా అచ్చయి కనిపించింది. అక్కడే నిలబడి చివరి పేజీలు తిప్పాను. లత చెప్పేసింది. అందరి ముందూ.

ఆనాటి వాదనలో నేనే గెలిచాను. ఆ మాట సుగుణకి ఏ మొహం పెట్టుకుని చెప్పను... అసలు ఎక్కడని వెతికి చెప్పను?

ఇప్పుడు సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసే వాళ్ళూ లేరు, కుట్టి దాచే అమ్మా లేదు. మీకూ ఇలా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఉంటే కింద రాయండి. వినాల్సిన మనిషి ఇంకా దొరికేలా ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... లేచి వెళ్ళండి.