తప్పులు సున్నా అన్న రోజు

మా సారు పోయారని పొద్దున ఏడున్నరకు శ్రీకాకుళం ఆఫీసుకు ఫోను వచ్చింది. గుండెపోటట, రాజాంలో ఇంటి దగ్గరే. ఫోను పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎదురుగా స్క్రీను మీద గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. అవి నిజమో కాదో అడగడానికి ఇక మనిషి లేరు. ఈ మాట సిగ్గుగానే రాస్తున్నాను, మీరేమనుకున్నా సరే.

నేను పుట్టు పిరికివాణ్ణి. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి, అలను చూస్తే వెనక్కి పరిగెత్తే రకం. అందుకే చదువుకుని ఆఫీసు ఉద్యోగం వెతుక్కున్నాను. తీరా చేరింది పడవలవాళ్ల ఫోన్లకు గాలివాన హెచ్చరికలు, వాతావరణం కబుర్లు రోజంతా మెసేజ్‌లుగా పంపే చోట. మా అన్నయ్య నంబరూ ఆ జాబితాలోనే ఉండేది. "ఎక్కడికెల్నా సముద్రం నిన్నొగ్గదురా" అని సారు నవ్వేవారు.

అక్కడ మా పైన ఆయనే పెద్ద. అంతకుముందు రాజాంలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పేవారు. వాళ్ల నాన్నగారు గుళ్లో సన్నాయి వాయించేవారట. సారు టీ ఎప్పుడూ సాసరులో పోసుకునే తాగేవారు. కీబోర్డు మీద తనే ఒలకబోసి మమ్మల్ని తిట్టేవారు.

మెసేజ్ వెళ్లిన ప్రతిసారీ ప్రోగ్రాం ఒక ఫైలులో ఒక వరుస రాసుకుంటుంది. అదే లాగ్. ఆ లాగ్‌ను కనిపెట్టుకుని ఉండి, లెక్కలు తీసి గీతలు గీసే ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని ఏజెంటు అంటాం. దాన్ని అమర్చే పని నాకు అప్పజెప్పారు. 'ఫెయిల్' అన్న మాట ఉన్న వరుసలు లెక్కపెట్టమని దానికి చెప్పాను. అలాంటివి ఉంటే ఎరుపు, లేకపోతే పచ్చ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు వానాకాలం చివర్లో ఒకరోజు పది గంటలకు గాలి హెచ్చరిక ఎక్కించాను. పదకొండున్నరకు సారు టీ పట్టుకుని నా వెనక నిలబడ్డారు.

"ఏటిరా, ఇంత సల్లగా ఉన్నాది?"

"తప్పులు సున్నా సార్."

"పంపినవెన్ని?"

ఆ లెక్క తీయమని నేను ఏజెంటుకు చెప్పనే లేదు. లాగ్ తెరిచి చూస్తే ఆఖరి వరుస తొమ్మిదింపావుది. డిస్కు నిండి, రాసుకోవడానికి చోటు లేక ప్రోగ్రాం అప్పుడే ఆగిపోయింది. రాయడమే ఆగిపోతే తప్పులు మాత్రం ఎక్కడ పడతాయి? పది గంటల హెచ్చరిక ఒక్క ఫోనుకూ వెళ్లలేదు. అన్నయ్య తెల్లారకముందే వేటకు వెళ్లాడని పొద్దున వదిన ఫోనులో చెప్పింది. నాకు చేతులు ఆడలేదు.

సారు నన్ను పక్కకు నెట్టి కూర్చున్నారు. చోటు కోసం పాత ఫైళ్లు తీసేస్తూనే, "ఇంటికి ఫోన్ సెయ్. రేవులో అందరికీ సెప్పమను. ఏడుపు తర్వాత" అన్నారు.

"వదినా, పెద్ద గాలొస్తాదట. అన్నయ్య ఫోను కలుస్తోందా?"

"నేదు బాబూ, పొద్దుట్నుంచీ కలవట్నేదు. ముందుగాల సెప్పనేదేటి?"

"ముందు రేవులో అందరికీ చెప్పు వదినా" అన్నాను.

కిటికీ బయట చెట్లు ఊగడం మొదలైంది. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. మెసేజ్‌లు మళ్లీ వెళ్తున్నాయి, ఒక్కో పడవా ఒడ్డుకు చేరిందని కబురు వస్తోంది, మా అన్నయ్యది మాత్రం రాలేదు. సారు నా పక్క నుంచి కదల్లేదు. మూడు దాటాక వదిన ఫోను. ఎత్తగానే ఏడుపు వినబడింది. ఆ ఏడుపులోనే, "వలొగ్గీసి వచ్చీసినాడు బాబూ" అంది.

ఉద్యోగం మానేస్తానని సారుతో చెప్పాను.

"ఇయాల నీకేసిన భయం మంచిదేరా. నెల్లాళ్లకి తగ్గిపోతాది సూడు, నాకదే భయం" అన్నారు. తర్వాత వాళ్ల నాన్న సంగతి చెప్పారు. "నాన్న వాయిస్తంటే పక్కన ఆగకుండా శ్రుతి పట్టీవోడు ఓపాలి నిద్రోయాడు. తప్పు సొరం ఏటీ ఇనబళ్లేదు. ఏదో లోటు ఇనబడ్డాది. నువ్వా లోటు ఇనాల."

పైవాళ్లకు పంపిన కాగితంలో సారు తప్పు తనదేనని రాశారని చాలాకాలం తర్వాత గానీ నాకు తెలియలేదు.

మర్నాడు ఇద్దరం కూర్చుని ఏజెంటును మార్చాం. పంపిన వరుసలు లెక్కపెట్టాలి, పది నిమిషాలు కొత్త వరుస పడకపోతే ఎర్రబడాలి. అదీ చాలదన్నారు సారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక పరీక్ష మెసేజ్ తన ఫోనుకు వచ్చేటట్టు పెట్టారు. అది రాగానే నాకు ఫోన్ చేసి "వచ్చింది" అని పెట్టేసేవారు. సెలవుల్లోనూ చేశారు, జ్వరంలోనూ చేశారు, రిటైరయ్యాకా మానలేదు. "లాగ్‌లో చేరిందనే ఉంది కదా సార్" అంటే, "అది మెషిను మాట. మనిసి మాట ఇను" అనేవారు.

ఆయన పోయాక ఆ నంబరు తీసి ఇంకొకరిది పెట్టాలి. నాకు చెయ్యి రాలేదు. రోజూ ఎనిమిదింటికి మెసేజ్ వెళ్లేది, లాగ్‌లో 'చేరింది' అని పడేది, నా ఫోను మోగేది కాదు. మనిషి మాట లేకుండా పచ్చ గీతల్ని నమ్ముకుని కూర్చున్నాను, పడవలేమో రోజూ వెళ్తున్నాయి.

ఆయన పోయిన పన్నెండోనాడు ఎనిమిది దాటి రెండు నిమిషాలకు ఫోను మోగింది. 'సారు' అని పేరు పడింది. తీసి చెవికి పెట్టుకుంటే, సారు భార్య గొంతు.

"వచ్చింది బాబూ. ఆయన ఇంకేటైనా సెప్పీవోరా? నేనింకేటి సెప్పాల?"

"అంతేనమ్మా, ఇంకేం లేదు" అన్నాను. ఆవిడ ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు. స్క్రీను మీద కొత్త వరుసలు ఒకటొకటిగా పడుతున్నాయి.