ఎకార్ట్ తాళంకప్ప

వీబ్కెకు ఆ తాళంకప్ప తెరవడం చేతకాలేదా, తెరవాలని లేదా? నాకిప్పటికీ తెలియదు. హాంబుర్గ్‌లో సరదాకి తాళాలు విప్పే మా క్లబ్బులో ఆమెను మించిన చెయ్యి లేదు. తాళాన్ని తిప్పే వంపు రేకును తాళంచెవి కన్నం పై అంచున ఆనించి, చిటికెనవేలితో ఈగ వాలినంత బరువు పెట్టేది. అప్పుడు లోపలి మేకులను ఎత్తే కొక్కెం కింద ఆడడానికి చోటుండేది. కానీ భర్త ఎకార్ట్ "ఇది విప్పు చూద్దాం" అని తన చేత్తో బిగించి ఇచ్చి, ఆ వారంలోనే చనిపోయాడే, ఆ కప్పకు మాత్రం రేకును కింది అంచునే ఇరికించేది. కొక్కెం కదిలేది కాదు.

"ఏమమ్మా, మీ ఆయన బతికున్నప్పుడూ ఇంత మొండేనా?" అని క్లబ్బులోని రూడి ఏడిపించేవాడు.

"ఇదే నయం, గురక పెట్టదు," అనేది.

ఒక సాయంత్రం కాఫీకి లేస్తూ దాన్ని బల్లమీద మరిచింది. బల్లమీదున్న తాళాన్ని ఎవరైనా ప్రయత్నించవచ్చన్నది మా ఆనవాయితీ. కొత్తగా చేరిన టిల్మాన్ రేకును పై అంచున పెట్టాడు. కాసేపటికే టక్కుమంది. "వచ్చేసిందండోయ్!" అని అరిచాడు. మెచ్చుకోలుగా అందరం వేలి కణుపులతో బల్లను కొట్టాం.

వీబ్కె తిరిగొచ్చి చూసింది. తెరుచుకున్న కప్ప కొంకిని మళ్లీ నొక్కి బిగించబోయి ఆగింది. "బాగా చేశావు బాబూ," అని కప్పను జేబులో వేసుకుంది. పనిముట్లు అక్కడే వదిలి కోటు తొడుక్కుంది. మాలో వెళ్లేవాళ్లు బల్లమీద ఒకసారి తట్టి సెలవు తీసుకుంటారు. ఆమె తట్టలేదు.