పెకింగ్‌లో బూట్లు విడిచిన చోటు

ఎర్ర పూల చెప్పులు తొడుక్కుని నేను ఫొటో దిగానంటే మా మల్కాపురంలో నమ్మేవాళ్లు లేరు. అదీ ఆడవాళ్ల చెప్పులు. కానీ ఆ ఫొటో ఉంది. మొన్న ఆదివారం గాజువాకలో, ఒక పెళ్లి సంబంధం ఇంట్లో, చేతులు మారి మారి నా ముందుకే వచ్చింది. ఏం జరిగిందో వరసగా చెప్తాను. మధ్యలో నవ్వకండి. చివర్లో ఎలాగూ నవ్వుతారు.

నా సంగతి మీకు తెలిసిందే. ఓడలో బోసన్ని. డెక్కు మీద పనిచేసే ఖలాసీలకి పెద్దని. ఎనిమిదో క్లాసు దాకా బడి నేర్పింది, తర్వాతదంతా ఓడ నేర్పింది. తాగను, పేకాడను. వేళకి లేస్తాను, నా కింద ఉన్నవాళ్లని వేళకి లేపుతాను. ఓడ దిగిన కుర్రాడు ఏ రేవులో ఏ వేషం వేస్తాడోనని ఇళ్ల దగ్గర భయపడుతుంటారు. నా కుర్రాళ్ల ఇళ్లల్లో ఆ భయం లేదు.

ఆ కుర్రాళ్లలో అప్పల్రాజు ఒకడు. వరసకి నాకు బావమరిది. తండ్రి లేడు కాబట్టి వాడికి సంబంధం చూసే పని నా మీద పడింది. గాజువాకలో పైడమ్మ గారని ఒకావిడ ఉంది. భర్త స్టీల్ ప్లాంటు కడుతున్న చోట మేస్త్రీ. వాళ్లకి ఒక్కతే కూతురు. పిల్లకి అప్పల్రాజు నచ్చాడు. అప్పల్రాజుకి పిల్ల ఎంత నచ్చిందంటే, డెక్కు తోముతూ కూడా పాటలు పాడేవాడు. అడ్డమల్లా పైడమ్మ గారే. ఓడ మనుషులకి దేవుడూ దయ్యమూ ఉండవని ఆవిడ గట్టి నమ్మకం. మేం ఓడెక్కబోయే ముందు కుర్రాడి ఫొటో ఒకటి కావాలంది. స్టూడియోలో దిగింది పనికిరాదంది.

"తెర కాడ అందరూ బుద్దిమంతుల్నాగే నిలబడతారు బాబూ. ఊరు కాని ఊళ్లో ఎలగుంతాడో ఆ ఫొటో తెచ్చి సూపించండి. అది సూసే మాటిత్తాను," అంది.

అంటే పెళ్లి మొత్తం ఒక ఫొటో మీద ఆగిందన్నమాట.

అప్పల్రాజు దీని కోసం సింగపూర్లో బూట్లు కొన్నాడు. గోధుమ రంగువి, మొన తేలినవి. అట్టపెట్టెలోంచి తియ్యకుండా దాచాడు. చైనాలో ఆ బూట్లతో ఫొటో దిగితే పైడమ్మ గారు ఇంక కాదనదని వాడి ధైర్యం. నేను బూట్లని నమ్మను, నడవడికని నమ్ముతాను. ఆ మాట వాడికి చెప్పాను కూడా.

మన రేవులో నింపుకున్న ఇనప రాయిని చైనాలో తియాన్జిన్ రేవులో దించుతున్నారు. దించడానికి రోజులు పట్టేలా ఉంది. అక్కడి నావికుల క్లబ్బువాళ్లు మాలాంటివాళ్లని బస్సులో పెకింగ్ తీసుకెళ్లి, గుడి, రాజుల కోట, పెద్ద చౌకు ఒక్కరోజులో చూపించి తెచ్చేస్తారట. కెప్టెన్ సరే అన్నాడు. సాయంత్రం వేళకి ఓడలో ఉండాలని, కుర్రాళ్ల పూచీ నాదని అన్నాడు. నాకు ఒకరు చెప్పాలా?

మన వైపు చలి వేరు, అక్కడి చలి వేరు. మా ఆవిడ అల్లిన మంకీ టోపీ తగిలించాను. కళ్లూ ముక్కూ తప్ప మనిషి కనపడడు. బస్సు బయల్దేరగానే లేచి నిలబడి అందరికీ నాలుగు మాటలు చెప్పాను. గుంపు విడవకూడదు. ఎక్కడపడితే అక్కడ ఉమ్మకూడదు. దేశం పరువు మన చేతుల్లో ఉంది. అప్పల్రాజు రుమాలుతో బూట్లు తుడుచుకుంటూ విన్నాడు.

మా గైడు లిన్ అని ఒక అమ్మాయి. నీలం కోటు, భుజాన గుడ్డ సంచి, చేతిలో చిన్న జెండా. ఇంగ్లీషు నెమ్మదిగా, నాకు కూడా అర్థమయ్యేలా మాట్లాడింది. ముందు స్వర్గ దేవాలయం చూద్దాం అంది. టెంపుల్ అన్న మాట చెవిన పడ్డాక ఇంక మిగతాది నేను వినలేదు. దక్షిణం గేటు దగ్గర బస్సు దిగగానే బూట్లు విప్పండి అన్నాను. మేజోళ్లు కూడా.

అప్పల్రాజు కదల్లేదు. "బావా, ఎవులూ ఇప్పడం నేదు. అదిగో, ఆలందరూ బూట్లతోటే ఎల్తన్నారు."

"ఆలు ఎల్తే ఎల్లనీ. సింహాచలం ఎల్తే బూట్లతోటే లోపలికి దూరుతావేటి?"

"ఇది సింహాచలం కాదు కదేటి."

"దేవుడు ఎక్కడైనా దేవుడే. ఇప్పు."

"మరి ఫొటో?"

"వచ్చాక దిగుదువుగాని. బూట్లెక్కడికీ పోవు."

ఆ రోజు నేను చెప్పినవాటిలో ఈ చివరి మాట ఒక్కటే నిజమైంది.

లిన్ కంగారుపడింది. అక్కర్లేదు, అక్కర్లేదు అంది. వాచీ చూసుకుని ఇంకా ఏదో చెప్పబోయింది. మా దేశంలో ఇదే పద్ధతి అని చెప్పి, చెయ్యి చూపించి ఆపేశాను. ఆ అమ్మాయిని మాట పూర్తి చెయ్యనిచ్చి ఉంటే నేనివాళ ఇది చెప్పాల్సిన పని లేదు.

గేటు పక్కన చిన్న పీట మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చేతికి ఎర్ర పట్టీ, పక్కన టీ ఫ్లాస్కు. సింహాచలం కొండ మీద చెప్పులు చూసే ముసలమ్మ ఎలా కూర్చుంటుందో అచ్చం అలాగే కూర్చుంది. ఆవిడ వెనక సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ ఊళ్లో సైకిళ్లు లేని చోటు లేదు కాబట్టి వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు. బూట్లన్నీ జతలు జతలుగా ఆవిడ ముందు పేర్పించాను. ఆవిడ లేచి గట్టిగా ఏదో అంది. చిల్లర అడుగుతోందనుకుని ఒక నాణెం ఇచ్చాను. వెనక్కి నెట్టింది. మన దగ్గరా ముందు వద్దంటారు, తర్వాత తీసుకుంటారు. మళ్లీ పెట్టాను. ఆవిడ ఆకాశం వైపు ఒకసారి చూసి, జతకొక చెక్క బిళ్ల కట్టి, జోడు బిళ్లలు మా చేతుల్లో పెట్టింది. చూశార్రా, పద్ధతంటే ఇదీ అని కుర్రాళ్లకి చూపించాను.

లోపల నేలంతా రాయి. ఫిషింగ్ హార్బర్లో ఐసు పెట్టెలో పడేసిన చేపకి ఎలా ఉంటుందో పది అడుగులు వెయ్యగానే తెలిసింది. కుర్రాళ్లు వేడి పెనం మీద ఉన్నట్టు గెంతుతున్నారు. గెంతొద్దని చెప్పాను, గుళ్లో గెంతులేమిటని. గుడి చూడ్డానికి వచ్చిన చైనావాళ్లు గుడి వదిలేసి మా కాళ్లు చూడ్డం మొదలెట్టారు. కొంతమంది మా వెనకే వచ్చారు. లిన్ జెండా పట్టుకుని, రాజులు ఏ దారిన వచ్చేవారో, మంత్రులు ఏ దారిన వచ్చేవారో చెబుతూ నడిచింది. రాజులకి బూట్లుండేవా అని అప్పల్రాజు అడిగాడు. ఉండేవి అంది లిన్. వాడు నా వైపు చూశాడు. నేను చూడలేదు.

దారి తిన్నగా, పొడుగ్గా, అలా పోతూనే ఉంది. దాని చివర మెట్ల మీద మెట్లు, వాటి మీద నీలం పెంకుల గుండ్రటి గుడి. అందంగా ఉంది, అబద్ధం చెప్పకూడదు. పైకెక్కి లోపలికి తొంగి చూశాం. స్తంభాలున్నాయి, రంగులున్నాయి. దేవుడు మాత్రం కనపడలేదు. దేవుడెక్కడ అని లిన్‌ని అడిగాను. విగ్రహమేమీ ఉండదు, రాజులు వచ్చి పంటల కోసం ఆకాశానికి మొక్కేవారు, ఇప్పుడు పూజలేమీ లేవు, చూసి వెళ్లడమే అని చెప్పింది.

"దేవుడు నేడంట బావా," అన్నాడు అప్పల్రాజు, ఒంటికాలి మీద నిలబడి.

"దేవుడు లేపోయినా గుడి గుడే," అన్నాను. ఆ తర్వాత, వెనక్కి వెళ్లి బూట్లు వేసుకుందాం పదండన్నాను.

అప్పుడు లిన్ చెప్పింది. మళ్లీ ఆ దారిన వెళ్లం. ఉత్తరం గేటులోంచి బయటికి వెళ్తాం. బస్సు అటు వచ్చేసింది. పొద్దున చెప్పబోయింది అదేనట.

మన గుళ్లలో ఎక్కడ విడిచామో అక్కడికే వస్తాం. ఒక గేటులో దూరి ఇంకో గేటులో తేలే గుడి ఉంటుందని నాకెలా తెలుస్తుంది? వెనక్కి నడుద్దామని ఒక అడుగు వేశాను. వేసీ వెయ్యగానే పిక్క పట్టేసింది. మెట్ల మీద కూలబడ్డాను. కుర్రాళ్లు చుట్టూ చేరి కాలు పిసుకుతున్నారు. లిన్ పరిగెత్తుకొచ్చి భుజానున్న సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పింది. వాళ్ల బామ్మ కోసం కొన్న గుడ్డ చెప్పులట. ఎర్రవి, పైన పూలు కుట్టినవి. వేసుకోమంది. వద్దన్నాను. మీరు ముసలివారు, మీకేమైనా అయితే నన్నడుగుతారు అంది. ముసలివారు అన్నది నాకు నచ్చలేదు కానీ పాదాలకి ఆ మాట వినపడే స్థితి లేదు. తొడుక్కున్నాను. సగం పాదమే పట్టింది. మడమలు బయటే ఉండిపోయాయి. ఆ వెచ్చదనం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇంక ఫొటో. బస్సు చుట్టూ తిరిగి దక్షిణం గేటుకెళ్లి బూట్లు తీసుకునేసరికి ఎక్కడా ఆగడానికి టైముండదని లిన్ తేల్చేసింది. వేళకి ఓడలో ఉండాలన్నది నా రూలే, నేనే తప్పలేను. దిగితే ఇక్కడే, ఇప్పుడే దిగాలి. అప్పల్రాజు తన పాదాల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"బూట్లు కొనుక్కోనేనోడనుకుంతాది బావా పిల్ల తల్లి," అన్నాడు మెల్లిగా. కోపంగా అన్నా బావుండేది.

లిన్ మా ఓడ ఆఫీసరు, సెకండ్ మేట్ ఇచ్చి పంపిన కెమెరా పట్టుకుని అందర్నీ గుడి ముందు వరసలో నిలబెట్టింది. పెద్దవారు మధ్యలో ఉండాలని నన్ను ముందుకి లాగింది. చెప్పులు విప్పేస్తానని ఒంగేలోపల క్లిక్కుమంది.

దక్షిణం గేటు దగ్గర బూట్లు భద్రంగా ఉన్నాయి. సైకిలుకీ సైకిలుకీ మధ్య ఒక్కో జత, బిళ్లతో సహా. ముసలావిడ నా నాణెం నాకిచ్చేసి చాలాసేపు మాట్లాడింది. లిన్ అందులో కొంచెమే చెప్పింది. ఆవిడ సైకిళ్లు చూసే మనిషట. చక్రాలు లేనివాటికి డబ్బు తీసుకోవడం వాళ్ల పద్ధతి కాదట. రాజుల కోట బస్సు కిటికీలోంచి చూశాం. గోడ ఎర్రగా ఉంది. అంతకుమించి సాక్ష్యం చెప్పలేను. బామ్మ చెప్పులు దులిపి లిన్‌కి ఇచ్చేశాను. అప్పల్రాజు బూట్లు తొడుక్కుని, రేవు వచ్చేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

మొన్న ఆదివారం ఆ ఫొటో పట్టుకుని గాజువాక వెళ్లాం. ఇంకోటి లేదు మరి. నేను గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె కట్టాను. పైడమ్మ గారు ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పల్రాజు టీ గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగడం లేదు. లోపలి గుమ్మం దగ్గర గాజులు చప్పుడయ్యాయి. పిల్ల కూడా వింటోంది.

"కాళ్లకేటీ నేవేటి ఈ గుంటడికి?" అంది ఆవిడ.

దేవుడి గుడి కదా అని విడిచారన్నాను. చలికాలం, నేలంతా మంచులా ఉంది, అయినా విడిచారన్నాను. ఇవన్నీ నిజాలే. ఆవిడ మొహం మెత్తబడింది. ఓడ మనుషుల్లో కూడా ఇలాటోలుంతారా అంది. నేను లోలోపల పొంగిపోయాను. చూశావా, బూట్లు కాదురా, నడవడిక అని అప్పల్రాజు వైపు చూశాను.

ఆవిడ ఫొటో మళ్లీ దగ్గరికి పెట్టుకుంది. వేలు మధ్యలో ఆగింది.

"మరీడెవుడు బాబూ? అందరూ సెప్పులిడిసి నిలబడితే, దేవుడి కాడ సెప్పులేసుకున్నాడు. ఆడోల్ల సెప్పులు కాదేటివి?"

ఫొటో నా చేతికిచ్చింది. మంకీ టోపీ, కళ్లు, ముక్కు. కింద ఎర్ర పూలు. చెబుదామనే నోరు తెరిచాను. అప్పల్రాజు గ్లాసు కింద పెట్టేశాడు. నేను పెళ్లిపెద్దని. నా మాట మీదే పిల్లనివ్వాలి. అది నేనేనంటే ఆ మాటకి విలువుంటుందా? అబద్ధం నేను ఆడను. అందుకని అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాను.

"మా ఓడలో మనిషే."

"తాగుతాడేటి?"

"చుక్క ముట్టడు."

"తాగకుండానే ఇలగున్నాడా?"

"కొంచెం మూర్ఖుడు," అన్నాను. అప్పల్రాజు తల ఊపాడు, అవసరమైనదానికన్నా ఎక్కువగా.

"తవరిలాటి పెద్దోరుండి బుద్ది సెప్పరేటి?"

"రోజూ చెప్తూనే ఉన్నానమ్మా. వినడు."

ఆవిడ ఫొటో తీసుకుని దేవుడి పటం పక్కన నిలబెట్టింది. పిల్లనిస్తున్నానంది. లోపల గాజులు గలగలమన్నాయి. అయితే ఒక షరతు పెట్టింది.

"ఆ మంకీ టోపీ ఓడు పెల్లికి రాకూడదు బాబూ. వచ్చినా పందిట్లోకి రానీకండి. గుమ్మం కాడ మీరే నిలబడి ఆపాల. మీ మాటంటే నాకు గురి."

మాటిచ్చాను.

బయటికొచ్చాక అప్పల్రాజు అరుగు మీద కూర్చుని ఆ సింగపూర్ బూట్లు తీరిగ్గా కట్టుకున్నాడు. వాడి మొహంలో సంబంధం కుదిరిన ఆనందం ఉంది. ఇంకో ఆనందం కూడా ఉంది, దాని పేరు నేను చెప్పను.

"మాటిచ్చీసినావు బావా," అన్నాడు. "మరి పెల్లికెలగొత్తావు?"

పెళ్లి మాఘంలో. తెల్లవారుజాము ముహూర్తం. నాకు చలి పడదని మా ఆవిడ అప్పుడే మంకీ టోపీ ఉతికి దండెం మీద ఆరేసింది. వద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు. పెళ్లినాడు వట్టి తలతో, వట్టి కాళ్లతో, వణుక్కుంటూ పందిరి గుమ్మం దగ్గర కాపలా నిలబడతాను. మాటంటే మాటే. ఆ మనిషిని మాత్రం లోపలికి రానివ్వను.