కదలని చుక్క

కేతేపల్లి గుర్వయ్య గొర్లను తోలుకొని దసరా పోయినంక ఊరు విడిచాడు. కోతలైన వరిమడులు వెతుక్కుంటూ కృష్ణ కాలువల దిక్కు పోయిన మంద మళ్లీ వానలు పడితేగాని ఇల్లు చేరదు. ఆయన కూతురు నాగరాణి జడ్చర్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పని చూస్తుంది. తల్లి లేని పిల్ల. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో మంద వెనకే తిరిగింది. ఇప్పుడు కిరాయి గదిలో ఒక్కతే అన్నం ముందు కూర్చుంటే, బాపు ఏ గట్టు మీద తింటున్నాడోనని ముద్ద దిగేది కాదు. చార్జింగ్ లేక ఆయన ఫోన్ ఎప్పుడూ బందే. ఉన్నా, బిడ్డ పనికి అడ్డమని చేసేవాడు కాదు.

అందుకే దసరాకు ఊరికి పోయినప్పుడు పెద్ద పొట్టేలు మెడకు ఒక చిన్న పెట్టె కట్టింది. ఎండకు చార్జి అయ్యే ఆ పెట్టె, తానున్న జాగాను ఇరవై నిమిషాలకోసారి ఆమె గదిలోని కంప్యూటర్‌కు పంపుతుంది.

"గిదెందుకు బిడ్డా?" అన్నాడు గుర్వయ్య.

"గొర్లు తప్పిపోకుండ బాపు."

నిన్ను చూసుకోవడానికని చెప్పాలంటే సిగ్గేసింది.

మంద కదిలిన రోజు కంప్యూటర్‌లోని పటం మీద ఒక్క చుక్క పడింది. తర్వాత ఏమీ రాలేదు. వచ్చిపోయే కబుర్లు నమోదయ్యే లాగ్ తీసి చూస్తే సంగతి తెలిసింది. బయటి కనెక్షన్లకు కాపలా కాసే గదిలోని ఫైర్‌వాల్, ఐదు నిమిషాలు ఉలుకూపలుకూ లేని కనెక్షన్‌ను తీసేస్తోంది. అది తెలియని పెట్టె పాత కనెక్షన్ మీదే కబుర్లు పంపుతోంది, అవి గుమ్మం బయటే పోతున్నాయి. అన్నిటికీ ఆ ఐదు నిమిషాల గడువు పెంచితే పని లేని కనెక్షన్లు పేరుకుపోతాయి. అందుకని ఆ పెట్టె ఒక్కదానికే వేరే రూల్ రాసి గడువు గంట చేసింది. అయినా చుక్కలు రాలేదు. దారిలో మొబైల్ కంపెనీ దగ్గరా అట్లాంటి గడువే ఉంది, దాన్ని మార్చడం ఆమె చేతిలో లేదు. చివరికి పెట్టెకే మెసేజ్ పంపి సెట్టింగ్ మార్చింది. చెప్పేదేమీ లేకున్నా, కనెక్షన్ తెగకుండా నాలుగు నిమిషాలకోసారి ఉన్నానని చిన్న కబురు పంపాలి.

అప్పటి నుంచి చుక్కలు వరసగా వచ్చాయి. టీ తాగేటప్పుడు ఒకసారి, అన్నం తినేటప్పుడు ఒకసారి చూసుకునేది. ఏ చెరువు కట్ట మీద నడుస్తున్నాడో, ఎండకు ఎక్కడ ఆగాడో లెక్క కట్టేది. కానీ చుక్కకు మొహం ఉండదు. మాట ఉండదు.

ఐదో నెలలో హాలియా దగ్గర చుక్క ఆగిపోయింది. మూడు రోజులు కదల్లేదు. మళ్లీ కనెక్షన్ తెగిందేమోనని చూసింది. తెగలేదు. కబుర్లన్నీ వేళకు వస్తున్నాయి, అన్నీ ఒకే మడి నుంచి. తోటి కాపరి మైసయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, కల్వకుర్తిలో, దేవరకొండలో బస్సులు మారింది.

గుర్వయ్య గట్టు మీద కూర్చొని ఉన్నాడు. బిడ్డను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమైంది బాపు, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. తిన్నవా?"

"మరి మూడొద్దులాయె, గీడనే ఉన్నవేంది?"

గుర్వయ్య పొట్టేలు మెడలో పట్టీ సర్దాడు.

"గా పెట్టెల నేనేడున్నది నీకు కనవడతదని మైసయ్య చెప్పిండు. కదలకుంటె ఏమైందోనని వస్తవేమో అనుకున్న."

"రమ్మని ఫోన్ చేయిస్తే రానా?"

"పనున్న మనిషివి. రమ్మని ఎట్లంటం?"

నాగరాణి ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది. ఆయన మూటలోంచి తీసిన జొన్నరొట్టెను ఇద్దరూ తిన్నారు. మడిలో మేత నిన్ననే అయిపోయింది, గొర్లు ఆకలికి అరుస్తున్నాయి. ఆయన కర్ర తీసుకొని లేచాడు. ఆమె చెప్పులు చేత పట్టుకొని మంద వెనక నడిచింది. బస్సు పోతదని గుర్వయ్య రెండుసార్లు గుర్తు చేశాడు. ఇంకో కాలువ దాటేదాకా వస్తానంది.